పిల్లలు తగ్గినా జనం ఎందుకు పెరుగుతున్నారు? 820 కోట్ల లెక్క, దాని పర్యవసానాలు

గోదారిగట్టు | #1

ఒక అనుమానం. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల ప్రకారం ఇప్పుడు ప్రపంచంలో ఒక్కో మహిళకు సగటున 2.25 మంది పిల్లలు. 1990లో 3.3 ఉండేది, 1950ల్లో 5 దాకా ఉండేది. సగానికి పైగా దేశాలు, తరానికి తరం సరిపోవడానికి కావాల్సిన 2.1 కంటే కిందకి దిగిపోయాయి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే)లో ఆంధ్ర 1.7, తెలంగాణ 1.8. అయినా అదే నివేదిక ఇప్పుడున్న 820 కోట్లు 2080ల నడుమకు 1,030 కోట్లవుతుందంటోంది.

పిల్లలు తగ్గితే జనం తగ్గాలి కదా? ఇంకో 200 కోట్ల మంది ఎక్కణ్ణుంచి ఊడిపడతారు? ఒక ఛానల్లో జనాభా విస్ఫోటం అంటారు, పక్క ఛానల్లో ముగ్గుర్ని కనమంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? లెక్క తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి.

అంకెలబడి | #2

రెండూ ఒకేసారి నిజం కావచ్చండీ. చిక్కంతా జనం మొత్తం సంఖ్యనే చూసి వయసుల వాటా చూడకపోవడంలో ఉంది. దీన్ని జనాభా మొమెంటం అంటారు. సూత్రాల జోలికి పోకుండా కాగితం మీద చేసి చూద్దాం.

100 లక్షల మంది ఉన్న ఒక దేశం అనుకోండి. 30 ఏళ్ల లోపువారు 60 లక్షలు, 30 నుంచి 60 మధ్యవారు 30 లక్షలు, 60 దాటినవారు 10 లక్షలు. పిల్లలు ఎక్కువగా పుడుతూ వచ్చిన దేశం ఇలాగే ఉంటుంది, అడుగున వెడల్పు, పైన సన్నం. లెక్క తేలిక కోసం అందరూ 90 ఏళ్లు బతుకుతారనీ, వలసలు లేవనీ అనుకుందాం.

రేపట్నుంచే ఆ దేశంలో ప్రతి తరం సరిగ్గా తనంత తరాన్నే కంటుంది, ఒక్కరూ ఎక్కువ కాదు. అడుగున ఉన్న 60 లక్షల మంది రాబోయే 30 ఏళ్లలో 60 లక్షల మందిని కంటారు. 30 ఏళ్ల తరువాత చూస్తే 60 + 60 + 30, అంటే 150 లక్షలు. 60 ఏళ్ల తరువాత 60 + 60 + 60, అంటే 180 లక్షలు. అక్కడ ఆగుతుంది. ఇద్దరికి ఇద్దరే పుట్టినా జనం 80 శాతం పెరిగారు. పెరిగింది పిల్లల వరస కాదు, ఇదివరకే పుట్టి ఉన్నవాళ్లు నడివయసు, పెద్దవయసు వరసల్లోకి ఎక్కడం వల్ల పెరిగింది.

ఇప్పుడు ఇంకా తగ్గించి 1.5 పెట్టండి. 2.1 ఉంటేనే తరానికి తరం సరిపోతుంది కాబట్టి 60ని 1.5 ÷ 2.1తో గుణిస్తే 43. 30 ఏళ్లకు 43 + 60 + 30 = 133. 60 ఏళ్లకు 31 + 43 + 60 = 134. 90 ఏళ్లకు 22 + 31 + 43 = 96. చూశారా, 1.5కి పడిపోయాక కూడా రెండు తరాలు జనం పెరిగే ఉన్నారు, ఆ తరువాతే జారారు. 60 దాటినవారి వాటా 10 శాతం నుంచి మొదట 23కు, తరువాత 45కు ఎక్కింది.

మీ రెండు ఛానళ్లూ ఇందులోనే ఉన్నాయి. విస్ఫోటం అనేవాళ్లు 133 చూస్తున్నారు, కనండి అనేవాళ్లు ఆ 45 శాతం చూస్తున్నారు.

ప్రపంచం మొత్తానికి వేస్తే ఏడాదికి పుట్టేవారు 13 కోట్ల పైన, పోయేవారు 6 కోట్ల పైన, నికరంగా కలిసేది సుమారు 7 కోట్లు. వృద్ధి రేటు 1960లలో 2 శాతం దాటి శిఖరం చూసింది, ఇప్పుడు 0.9 శాతం లోపే. ఏడాదిలో పుట్టే పిల్లల సంఖ్య 2012 ప్రాంతంలోనే గరిష్ఠం దాటేసింది.

ఓరుగల్లు_వాసి | #3

మాస్టారూ, అందరూ 90 దాకా బతుకుతారంటే ఎట్లా? మా దిక్కు 70 దాటితేనే గొప్ప. ఆ 45 శాతం భయపెట్టే లెక్క లాగుంది.

సున్నాదశాంశం | #4

> అందరూ 90 దాకా బతుకుతారంటే ఎట్లా?

న్యాయమైన ప్రశ్నే. 60–90 గడిలోకి వచ్చేవారిలో ఏ సమయానికి చూసినా సగం మందే ఉంటారనుకుని అవే అంకెలు మళ్లీ వేద్దాం. 1.5 దగ్గర మొదటి 30 ఏళ్లకు 43 + 60 + 15 = 118. తరువాత 31 + 43 + 30 = 104. ఆ తరువాత 22 + 31 + 21 = 74. పెరుగుదల ఒక తరానికే పరిమితమైంది, పెద్దల వాటా 13 శాతానికి, ఆపై 29 దగ్గరికి వచ్చి ఆగింది. జపాన్‌లో 65 దాటినవారే ఇప్పటికే 29 శాతం కాబట్టి ఇది ఊహల్లోని అంకె కాదు. ఆయుర్దాయం పెంచితే శిఖరం ఆలస్యమవుతుంది, తగ్గిస్తే ముందుకొస్తుంది. ఆకారం మాత్రం మారదు.

అంకెలబడి గారు 2.1ని గబుక్కున దాటేశారు, దాని గురించి ఒక మాట. అదేమీ దేవుడిచ్చిన అంకె కాదు. లెక్క ఇది: ప్రతి 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. ఒక తల్లికి బదులు ఒక కూతురు రావాలంటే మొత్తం 2.05 కాన్పులు కావాలి. ఆ కూతురు తల్లయ్యే వయసు దాకా బతికే అవకాశం 0.97 అయితే 2.05 ÷ 0.97 = 2.11. ఆ అవకాశం 0.85 మాత్రమే ఉన్న చోట 2.41 కావాలి. పుట్టకముందే ఆడపిల్లను తీసేసే చోట 100కి 110 మంది మగపిల్లలు ఉంటే, బతికే అవకాశం 0.95 పెట్టినా 2.10 ÷ 0.95 = 2.21. అందుకే 2.1 కిందకి రావడం అన్నిచోట్లా ఒకే సంగతి కాదు. లింగ నిష్పత్తి చెడిన రాష్ట్రంలో 2.1 అంటే అప్పటికే కిందకి జారినట్టు.

స్టెతస్కోపు | #5

జనాభా పెరగడానికి మొదటి కారణం జనం ఎక్కువ కనడం కాదు, తక్కువ చావడం. అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 1990లో వెయ్యికి 93, 2022లో 37. సంఖ్యలో ఏడాదికి 1.28 కోట్ల నుంచి 49 లక్షలకు దిగాయి. టీకాలు, ఓఆర్‌ఎస్, దోమతెరలు, శుభ్రమైన నీళ్లు, చదువుకున్న తల్లి. మరణాలు ముందు తగ్గుతాయి, జననాలు ఒక తరం ఆలస్యంగా తగ్గుతాయి, ఆ మధ్య ఖాళీలో జనాభా ఎగబాకుతుంది. యూరప్‌కు ఈ ఖాళీ నిండడానికి వందేళ్లకు పైగా పట్టింది. బంగ్లాదేశ్ రెండు మూడు దశాబ్దాల్లో చాలావరకు నింపేసింది, 1975లో మహిళకు 6.3 మంది పిల్లలు ఉన్నది 2011కు 2.3.

అక్కడ జరిగిందేమిటంటే, మత్లబ్‌లో 1977 నుంచి ఆడ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మాత్రలు, ఇంజెక్షన్లు అందించారు. పక్కనున్న పోలిక గ్రామాల్లో మామూలు ప్రభుత్వ సేవలే. రెండింటి తేడా కొద్ది ఏళ్లలోనే అంకెల్లో కనబడింది. ఆ పద్ధతే తరువాత దేశమంతా వెళ్లింది. ఇథియోపియా కూడా ఊరి ఆరోగ్య కార్యకర్తలతో 2000లో 5.5 ఉన్నదాన్ని 2016కు 4.6కి తెచ్చింది. పెళ్లయిన మహిళల్లో గర్భనిరోధకాల వాడకం 8 శాతం నుంచి 36కు పెరిగింది, అందులో ఇంజెక్షన్‌దే పెద్ద వాటా.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, బయట పోస్టర్లలో ఇది రాయరు. మూడు నెలల ఇంజెక్షన్, మన దగ్గర 2017 నుంచి 'అంతర' పేరుతో ఇస్తున్నది, తేదీ తప్పితే 4 వారాల దాకా గడువుంది. అయినా మొదటి రెండు మోతాదుల తరువాతే చాలామంది మానేస్తారు. కారణం నెలసరి గాడి తప్పడం, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోవడం. ఇది హానికరం కాదని ముందే చెప్పకపోతే "ఒంట్లో చెడు రక్తం నిలిచిపోయింది" అన్న మాట ఊరంతా పాకి మిగతావాళ్లూ రారు. ఇంకోటి, మానేశాక గర్భం రావడానికి చివరి మోతాదు నుంచి 7–10 నెలలు పట్టొచ్చు. వెంటనే బిడ్డ కావాలనుకునేవారికి అది ముందే చెప్పాలి. మూడోది నిల్వ. 500 మంది వాడే కేంద్రానికి ప్రతి మూడు నెలలకు 500 మోతాదులు కావాలి. సరుకు రావడానికి మూడు నెలలు పట్టే చోట ఎప్పుడూ ఇంకో 500 పక్కన ఉండాలి. కొంగో, నైజర్ లాంటి చోట్ల వానల్లో రోడ్డు తెగితే ఒక మోతాదు ఎగిరిపోతుంది. అనుకోని గర్భాలు అక్కడే మొదలవుతాయి.

గోదారిగట్టు | #6

బాగుంది అన్నలూ. అయితే రాబోయే 200 కోట్లు ఆఫ్రికాలోనేనా? ఆ 1,030 కోట్ల అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

అంకెలబడి | #7

ఎక్కువ భాగం అక్కడే. సహారా దిగువ ఆఫ్రికాలో ఇప్పుడు సుమారు 120 కోట్ల మంది, 2054కి 220 కోట్ల దాకా వెళ్తారని అంచనా. కొంగో ప్రజాస్వామ్య గణతంత్రం, అంటే కిన్షాసా రాజధానిగా ఉన్న పెద్ద కొంగో, ఇప్పుడు 11 కోట్లు, 2054కి రెట్టింపు. నైజర్, సోమాలియా, అంగోలా, మధ్య ఆఫ్రికా గణతంత్రం కూడా రెట్టింపు జాబితాలో ఉన్నాయి. ఇంకోవైపు చైనా, జపాన్, జర్మనీ, రష్యా సహా 63 దేశాలు 2024కు ముందే శిఖరం దాటేశాయి. చైనా జనాభా 2022లో 8.5 లక్షలు, 2023లో 20.8 లక్షలు, 2024లో 13.9 లక్షలు తగ్గింది. అంటే ఒకే ప్రపంచ సగటు కింద రెండు వేర్వేరు లోకాలు ఉన్నాయి.

నమ్మకం సంగతికొస్తే, 2050 దాకా గట్టిగానే నమ్మొచ్చు. 2050లో తల్లులయ్యేవారిలో చాలామంది ఇప్పటికే పుట్టి ఉన్నారు. 2100 అంకె మాత్రం ఊహల మీద నిలబడ్డది. ఐక్యరాజ్యసమితి లెక్కలోనే ప్రతిచోటా సగటున అర బిడ్డ తగ్గిస్తే 2100లో 700 కోట్ల దరిదాపు, అర బిడ్డ పెంచితే 1,400 కోట్లు దాటుతుంది. అర బిడ్డ అంటే ఇద్దరు తల్లులకు కలిపి ఒక బిడ్డ తేడా! అమెరికాలోని ఐహెచ్‌ఎంఈ అనే సంస్థ 2020లో వేసిన లెక్కలో శిఖరం 2064లోనే, 970 కోట్ల దగ్గరే. ఆఫ్రికాలో ఆడపిల్లల చదువు, గర్భనిరోధకాలు ఎంత వేగంగా విస్తరిస్తాయన్న ఊహలోనే తేడా అంతా. ఇక సంతానం బాగా పడిపోయిన దేశాల్లో మళ్లీ కొంచెం లేస్తుందని ఐక్యరాజ్యసమితి నమూనా అనుకుంటుంది. దక్షిణ కొరియా విషయంలో ఆ ఊహ పదేపదే తేలిపోయింది. 2023లో అక్కడ 0.72. తరానికి 0.72 ÷ 2.1, అంటే వందకు 34. మనవల తరానికి 12.

ఇంకో బలహీనత చాలామందికి తెలియదు. కొంగోలో చివరి జనగణన 1984లో జరిగింది. నైజీరియాలో 2006లో. అంటే ప్రపంచ పెరుగుదలలో పెద్ద వాటా చూపిస్తున్న చోటే తలలు లెక్కబెట్టి చాలా ఏళ్లయింది. మిగతాదంతా శాంపిల్ సర్వేలు, ఉపగ్రహ చిత్రాల్లో ఇళ్లు చూసి కట్టిన అంచనాలు. నైజీరియాలో నిధులూ సీట్లూ తలల లెక్క మీదే ఆధారపడతాయి కాబట్టి ప్రతి రాష్ట్రానికీ తన అంకె పెద్దదిగా కనబడాలన్న ఆశ. జనగణన వాయిదా పడుతూ ఉండడంలో ఆ రాజకీయం పాత్ర చిన్నది కాదు.

ఓరుగల్లు_వాసి | #8

మనం కూడా ఎక్కువ నవ్వొద్దు అన్నా, 2021 జనగణన మనకూ జరగలే.

అంకెలబడి | #9

నిజమే. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అప్పటిదాకా మనం చెప్పే 145 కోట్లు కూడా అంచనాయే. 2023 ఏప్రిల్‌లో చైనాను దాటామన్నదీ అంచనాయే.

మెట్టపొలం | #10

జనం పెరిగితే తిండి చాలదన్న మాట 1798లో మాల్తస్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త అన్నప్పటి నుంచి వింటున్నాం. మన లెక్కే చూడండి. 1951 జనగణనలో 36.1 కోట్ల మంది, అప్పటి ఆహార ధాన్యాల దిగుబడి సుమారు 5.1 కోట్ల టన్నులు. 2022–23లో దాదాపు 33 కోట్ల టన్నులు. జనం నాలుగు రెట్లయితే ధాన్యం ఆరున్నర రెట్లు. 1966లో వచ్చిన ఐఆర్8 లాంటి పొట్టి రకాలు, కాలవలు, బోర్లు, యూరియా కలిసి చేసిన పని.

అయితే ఆ యూరియా దగ్గరే అసలు విషయం. కృత్రిమ నత్రజని లేకపోతే ఇప్పుడున్న మనుషుల్లో సగం మందికి దగ్గర తిండి పుట్టదు. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియా చేయడానికి సహజవాయువు కావాలి. రామగుండంలో మళ్లీ తెరిచిన ఫ్యాక్టరీ సాలుకు 12.7 లక్షల టన్నుల యూరియా చేయగలదు, గ్యాసు పైపులైను ఆగితే అదీ ఆగుతుంది. 45 కిలోల బస్తాలో 46 శాతం లెక్కన నత్రజని 20.7 కిలోలు. వరిమడిలో నీళ్ల మీద చల్లితే పంటకు అందేది మూడో వంతు, అంటే 7 కిలోల దాకా. మిగతాది అమ్మోనియాగా గాల్లోకీ, నైట్రేటుగా భూగర్భ జలంలోకీ పోతుంది. రెండు మూడు దఫాలుగా వేసి, నీళ్లు తీసేసిన బురదలో చల్లి, మర్నాడు నీళ్లు పెడితే వృథా తగ్గుతుంది. 1,030 కోట్ల మందికి తిండి పెట్టగలమా అన్న ప్రశ్నలో సగం జవాబు పంటకు అందే ఈ మూడో వంతును సగానికి పెంచగలమా అన్న దగ్గరే ఉంది. దాని మీద చర్చ మాత్రం ఎక్కడా కనబడదు.

జనాభా దెబ్బ నాకు స్పష్టంగా కనబడేది ధాన్యం దగ్గర కాదు, గట్ల దగ్గర. 1970–71లో దేశ సగటు కమతం 2.28 హెక్టార్లు, అంటే అయిదున్నర ఎకరాలు. 2015–16కి 1.08, అంటే 2.7 ఎకరాలు. ఆంధ్రలో 0.94 హెక్టారు, తెలంగాణలో 1.00. ఇద్దరు కొడుకులు పంచుకుంటే ఎకరం పాతిక చొప్పున. ఆ ముక్కకు విడి బోరు, విడి మోటారు, విడి గట్టు. పిల్లలు తగ్గాక పంపకాలు తగ్గాలి కదా అంటారేమో. పాత తరంలో ఇదివరకే పుట్టినవాళ్ల పంపకాలు ఇంకా నడుస్తున్నాయి. ఇది కూడా మొమెంటమే, కాకపోతే సర్వే నంబర్లలో కనబడే మొమెంటం.

పాలమూరుబిడ్డ | #11

నీళ్ల సంగతి కూడా చేర్చండి. తలసరి నీరు 1951లో 5,177 ఘనపు మీటర్లు, 2001లో 1,816, 2011లో 1,545, 2021కి 1,486 అని కేంద్రం లెక్క. 1,700 కిందకి దిగితే నీటి ఒత్తిడి అంటారు. నీళ్లు తగ్గలేదు, భాగించే అంకె పెరిగింది. కానీ ఈ సగటును పట్టుకుని జనాభానే దోషి అనడం తప్పు. వాడకంలో 80 శాతం దాకా సేద్యానిది. ఒక కిలో బియ్యానికి వేల లీటర్లు తాగే పంటను మెట్ట ప్రాంతంలో, ఉచిత కరెంటుతో, 600 అడుగుల బోరు నుంచి తోడితే ఆ ఊళ్లో జనం సగమైనా బోరు ఎండుతుంది.

ఓరుగల్లు_వాసి | #12

మరి వాతావరణ మార్పు? జనం ఎక్కువైతే పొగ ఎక్కువ కాదా? 1980లో అమెరికాలో ఒక జీవశాస్త్రవేత్త, ఒక ఆర్థికవేత్త లోహాల ధర మీద పందెం కాశారు కదా, అదెటు తేలింది?

సున్నాదశాంశం | #13

పందెం ముందు. జనం పెరిగితే ధరలు పెరుగుతాయన్నది జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్, పెరగవన్నది ఆర్థికవేత్త జూలియన్ సైమన్. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్, ఒక్కోటి 200 డాలర్ల చొప్పున. 1980 నుంచి 1990 దాకా జనం 80 కోట్లకు పైగా పెరిగారు, అయినా ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే అయిదింటి ధరా తగ్గింది. ఎర్లిచ్ 576.07 డాలర్ల చెక్కు పంపాడు. కానీ దీన్ని వేదం చేసుకోకండి. పదేళ్ల గడువు మరో కాలంలో పెట్టి ఉంటే ఫలితం తిరగబడేదని చాలామంది లెక్కలేసి చూపించారు. పైగా గాలికి, భూగర్భ జలానికి అంగట్లో ధర ఉండదు కదా, వాటి కొరత ఆ పందెంలో కనబడే దారి లేదు.

పొగ సంగతి గుణకారమే. మన 145 కోట్ల మంది × ఏడాదికి తలకు సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మొత్తం 290 కోట్ల టన్నులు. అమెరికాలో 34 కోట్లు × 14 టన్నులు, 476 కోట్ల టన్నులు. నైజీరియా 23 కోట్ల మంది, తలకు 1 టన్ను లోపే, మొత్తం 23 కోట్ల టన్నులకు మించదు. జనాభా వేగంగా పెరుగుతున్న చోట పొగ అతి తక్కువ, పొగ ఎక్కువున్న చోట జనాభా దాదాపు ఆగిపోయింది. ఈ రోజు ఆఫ్రికాలో కాన్పులు సగమైనా 2050లోపు ప్రపంచ పొగ లెక్క పెద్దగా కదలదు. బొగ్గు కరెంటు మారితే కదులుతుంది. రేపు లాగోస్‌లోనూ తలకు 5 టన్నులైతే అప్పుడు తలల సంఖ్య బరువెక్కుతుంది, అది వేరే మాట. ఇంకో సంగతి, ఉద్గారాలు తలల కంటే ఇళ్లను ఎక్కువగా వెంబడిస్తాయి. కుటుంబం చిన్నదయ్యేకొద్దీ ఇళ్ల సంఖ్య జనం కంటే వేగంగా పెరుగుతుంది. ఇంటికో ఫ్రిజ్, ఇంటికో ఏసీ.

స్టెతస్కోపు | #14

మన రాష్ట్రాల గురించి ఒకటి. ఆంధ్రలో సంతానం తగ్గిన తీరు కేరళలా కాదు. చదువు, ఆలస్యపు పెళ్లి వల్ల కంటే ఆపరేషన్ వల్ల తగ్గింది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో ఆంధ్రలో 20–24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లి. పెళ్లయినవారిలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు, అందులో చాలామంది 25 దాటకుండానే. అంటే 18కి పెళ్లి, 19కి, 21కి కాన్పులు, 23కి ఆపరేషన్. మధ్యలో ఎడం పాటించే పద్ధతి ఏదీ లేదు. కాపర్ టీ 380ఏ పదేళ్లు పనిచేస్తుంది, అడిగేవారు తక్కువ.

తరం నిడివి చిన్నదైతే ఏమవుతుంది? ఇద్దరే పిల్లలైనా 20కి కన్నచోట శతాబ్దానికి అయిదు తరాలు, 30కి కన్నచోట మూడుకు పైన. ఒకేసారి బతికి ఉండే తరాలు మొదటి చోట ఎక్కువ. అందుకే పెళ్లి వయసు రెండేళ్లు పెరిగినా మొమెంటం తగ్గుతుంది, పిల్లల సంఖ్య మార్చకపోయినా.

మగవారి ఆపరేషన్ ఎందుకు లేదంటే ఎమర్జెన్సీ నాటి 1976–77 గుర్తొస్తుంది. ఆ ఒక్క ఏడాది దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు, ఎక్కువ మగవారికి, బలవంతాన. ఇప్పుడు దేశంలో మగవారి ఆపరేషన్ 0.3 శాతం, ఆడవారిది 37.9. బలవంతం చేసిన పద్ధతి మీద అసహ్యం యాభై ఏళ్లయినా పోలేదు, భారమంతా ఆడవారి మీద పడింది. నిజానికి కోతలేని వేసెక్టమీ పదిహేను ఇరవై నిమిషాల పని. ఒక్క జాగ్రత్త: మొదటి 3 నెలలు నిరోధ్ వాడాలి, తరువాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి. ఇది చెప్పకుండా పంపితే భార్య గర్భవతి అవుతుంది, ఊళ్లో ఆపరేషన్‌కు చెడ్డపేరొస్తుంది, కొన్ని ఇళ్లలో ఆమెను అనుమానిస్తారు.

పాలమూరుబిడ్డ | #15

నిధుల సంగతి కూడా ఇక్కడే తేలాలి. 1976 నుంచి లోక్‌సభ సీట్లు 1971 జనగణన మీద నిలిచిపోయాయి, 2026 తరువాత వచ్చే మొదటి జనగణన దాకా ఆ గడువు. పిల్లల్ని తగ్గించిన దక్షిణాదికి సీట్లు తగ్గితే అది శిక్ష కాదా? కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాకు 15 శాతం, జనాభా అదుపు చేసినందుకు 12.5 శాతం బరువు ఇచ్చింది. అయినా పన్నుల వాటా ఆంధ్రకు 4.305 నుంచి 4.047కి, తెలంగాణకు 2.437 నుంచి 2.102కి దిగింది. ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్ర 2024 నవంబరులో స్థానిక ఎన్నికల నుంచి ఎత్తేసిందీ ఈ భయంతోనే.

నిర్వాహకుడు | #16

సీట్ల పునర్విభజనకు వేరే చర్చా దారం ఉంది, పార్టీల వాదన అక్కడికి తీసుకెళ్లండి. వయసుల లెక్క వరకు ఇక్కడ కొనసాగించండి.

అంకెలబడి | #17

నిర్వాహకుల మాట వింటూనే ఒక్క లెక్క. పన్నుల వాటా తగ్గుదలకు జనాభా ఒక్కటే కారణం కాదు. 15వ సంఘం 45 శాతం బరువు ఆదాయ వ్యత్యాసానికి ఇచ్చింది, తలసరి ఆదాయం పెరిగిన రాష్ట్రానికి అక్కడా తగ్గింది. రెండు కారణాల్నీ కలిపేసి పిల్లల మీద వేయకూడదు.

'ముగ్గుర్ని కనండి' మాటకొస్తే, ఈ ఏడాది పుట్టిన బిడ్డ పనిలోకొచ్చి పన్ను కట్టేది 2047 తరువాతే. అప్పటిదాకా ఆ బిడ్డ కూడా ఆధారపడేవారి లెక్కలోనే ఉంటుంది. పింఛన్ల బరువు 2035లో మోయాల్సినవాళ్లు ఇప్పటికే పుట్టారు. కాబట్టి ఆ పదేళ్లలో పనికొచ్చేవి ఆడవాళ్లు జీతమొచ్చే పనిలోకి రావడం, వలస వచ్చేవారిని నిలుపుకోవడం, అరవై దాటినా పనిచేయగల ఆరోగ్యం. చైనా ఒక్కరే చాలన్న నిబంధనను 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి సడలించింది. అయినా 2016లో 1.8 కోట్ల దగ్గరున్న జననాలు 2023కు 90 లక్షలకు పడ్డాయి. తగ్గించడం తెలిసిన ప్రభుత్వాలున్నాయి. పెంచడం తెలిసిన ప్రభుత్వం నాకింకా కనబడలేదు.

గోదారిగట్టు | #18

చివరిగా ఒకటి. మా జిల్లాకు ఇలాంటి వయసు లెక్క నేనే వేసుకోవాలంటే ఎలా? ఎక్సెల్ వచ్చు.

సున్నాదశాంశం | #19

వేసుకోవచ్చండీ. 2011 జనగణనలో సీ-14 పట్టిక తీసుకోండి, అయిదేళ్ల వయసు గుంపులుగా ఆడ, మగ విడివిడిగా ఉంటుంది. ఒక్కో ఏడు విడిగా ఉన్న సీ-13 జోలికి పోవద్దు. సరైన వయసు తెలియక రౌండ్ అంకెగా చెప్పడం వల్ల 30, 35, 40 దగ్గర గుట్టలూ, 31, 39 దగ్గర గుంటలూ ఉంటాయి.

ఎస్‌ఆర్‌ఎస్ (ప్రభుత్వం ఏటా జనన మరణాలు లెక్కించే నమూనా సర్వే) జీవిత పట్టికల నుంచి ప్రతి గుంపు తరువాతి గుంపులోకి బతికి వెళ్లే నిష్పత్తి తీసుకుని గుణిస్తూ అయిదేళ్ల చొప్పున జరపండి. 2011లో 15–19 ఉన్న ఆడపిల్లలు 2026కి 30–34 గడిలో ఉంటారు. జననాలకు వయసువారీ రేట్లు కావాలి. ఉదాహరణకు వెయ్యి మందికి 15–19లో 40, 20–24లో 165, 25–29లో 120, 30–34లో 50, 35–39లో 18, 40–44లో 5, 45–49లో 2 అనుకోండి. కలిపితే 400, అయిదుతో గుణించి వెయ్యితో భాగిస్తే 2.0, అదే మొత్తం సంతాన రేటు. ఒక్కో రేటును ఆ గుంపు మహిళల సగటు సంఖ్యతో గుణించి, అన్నీ కలిపి, అయిదేళ్లకు అయిదుతో గుణించి వెయ్యితో భాగిస్తే జననాలు. వాటిని 105 : 100గా విడదీసి, బతికే నిష్పత్తితో గుణించి 0–4 గడిలో పెట్టండి.

తప్పులు జరిగే చోట్లు: ఎస్‌ఆర్‌ఎస్ రేటు ఆ ఏడాదిది, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ రేటు సర్వేకు ముందు మూడేళ్ల సగటు. రెండింటినీ ఒకే గీత మీద పెడితే లేని పతనం కనబడుతుంది. 2001–2011 మధ్య దేశం 17.7 శాతం పెరిగిందంటే ఏడాదికి 1.77 కాదు, 1.64. 2011 జనగణనలోనే వెయ్యికి 23 మంది లెక్కలో పడలేదని తరువాతి తనిఖీలో తేలింది, చిన్నపిల్లల గడి అందులో ఎక్కువ నష్టపోతుంది.

మీకు పెద్ద తలనొప్పి జిల్లా హద్దులు. ఆంధ్రలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి, తెలంగాణలో 10 కాస్తా 33. కొత్త జిల్లాకు 2011 వయసు పట్టిక ఉండదు. మండలాల మొత్తం జనాభా, 0–6 పిల్లల సంఖ్య ప్రాథమిక జనగణన సారాంశంలో దొరుకుతాయి. ఆ మండలాలు కలిపి, మిగతా వయసులకు పాత జిల్లా నిష్పత్తి వాడండి. పాత జిల్లాలోని నగరం వేరే కొత్త జిల్లాకు పోయి ఉంటే ఆ నిష్పత్తి తప్పుతుంది, నగరంలో 20–34 వాళ్లు ఎక్కువ. అప్పుడు గ్రామీణ పట్టిక మాత్రమే తీసుకోండి.

వలస లేకుండా వేసిన లెక్కను ఒకటో తరగతి చేరికలతో సరిపోల్చండి. దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ప్రైవేటు బడులు కూడా కలిసేలా చూసుకోండి, లేకపోతే సర్కారు బడి మానినవాళ్లందరూ పుట్టనట్టే లెక్కవుతుంది. మీ అంచనా కంటే చేరికలు 10 శాతం తక్కువుంటే చాలావరకు హైదరాబాదు, బెంగళూరుకు వెళ్లిన దంపతులు.

ఓరుగల్లు_వాసి | #20

ఆ ఎక్సెల్ షీటు తయారైతే ఇక్కడే పెట్టు అన్నా, పాత వరంగల్‌కు నేను వేస్త. ఆరు ముక్కలైంది మా జిల్లా.

సున్నాదశాంశం | #21

పెడతాను. ముందు ఒక్కో మండలం ఏ పాత జిల్లా నుంచి వచ్చిందో చూసుకోండి, వేరే పాత జిల్లా నుంచి వచ్చినవి ఉంటే వాటి వయసు నిష్పత్తి ఆ జిల్లా పట్టికలో వెతకాలి.